34 ఆపరేషన్లకు ఎన్ని నిమిషాలు కావాలి?

హైదరాబాద్‌లోని ఎల్బీనగర్ దగ్గర సాగర్ రోడ్డు పట్టుకుని బీఎన్ రెడ్డి నగర్, తుర్కయంజాల్, బొంగులూరు గేటు దాటితే ఇబ్రహీంపట్నం. 2022 ఆగస్టు 25న అక్కడి ప్రభుత్వ ఆస్పత్రిలో క్యాంపు పెట్టి 34 మంది ఆడవాళ్లకు కుటుంబ నియంత్రణ ఆపరేషన్లు చేశారు. లాపరోస్కోపుతో చేసే డీపీఎల్ (డబుల్ పంక్చర్ లాపరోస్కోపీ) పద్ధతి అది. కొద్దిరోజుల్లోనే నలుగురు చనిపోయారు. మిగతావాళ్లలో చాలామందిని నిమ్స్, అపోలో ఆస్పత్రులకు తరలించాల్సి వచ్చింది.

34లో 4 అంటే దాదాపు 12 శాతం. ఏ జబ్బూ లేకుండా నడిచొచ్చిన తల్లులకు చేసే ఆపరేషన్‌లో ఊహకందని అంకె ఇది. ఇన్ఫెక్షన్ రాకుండా తీసుకోవాల్సిన జాగ్రత్తలు తీసుకోలేదని విచారణలో తేలింది. 13 మందిపై ప్రభుత్వం చర్యలు తీసుకుంది.

అప్పట్లో అందరి నోటా ఒకే మాట: ‘ఒక్కరోజులో అన్ని ఆపరేషన్లా?’ జాతీయ మార్గదర్శకాల ప్రకారం ఒక బృందం రోజుకు 30 దాటకూడదు, అదీ మూడు లాపరోస్కోపులు ఉంటేనే. ఆ గీతకు 34 కొంచెమే పైన ఉంది. నా దృష్టిలో అసలు లెక్క నిమిషాలది. లాపరోస్కోపును ఒకరికి వాడాక శుభ్రంగా కడిగి, 2 శాతం గ్లుటరాల్డిహైడ్ ద్రావణంలో (థియేటర్లలో సైడెక్స్ అంటారు) కనీసం 20 నిమిషాలు నానబెట్టి, స్టెరైల్ నీళ్లతో కడిగాకే ఇంకొకరికి వాడాలి. సిద్ధబీజాలతో (స్పోర్లతో) సహా క్రిములన్నీ చావాలంటే 10 గంటలు నానాలి. ఒకే పరికరంతో 34 మందికి చేస్తే నానబెట్టడానికే 680 నిమిషాలు, అంటే 11 గంటల 20 నిమిషాలు కావాలి. మూడు పరికరాలున్నా దాదాపు నాలుగు గంటలు కావాలి. 2014 నవంబరులో ఛత్తీస్‌గఢ్‌లోని బిలాస్‌పూర్ దగ్గర ఒకే సర్జన్ కొన్ని గంటల్లో 83 మందికి చేశాడు, పదిమందికి పైగా చనిపోయారు. అక్కడ మందుల మీద కూడా అనుమానాలు వచ్చాయి గానీ, 83ను 20తో గుణించి చూస్తే ఆ థియేటర్లో ఏం జరగలేదో తెలుస్తుంది.

సరిగా శుభ్రం కాని పరికరంతో పాటు క్రిమి పొట్టలోకి వెళ్తుంది. దాని మీద ఒళ్లు చేసే పోరాటం అదుపు తప్పి సొంత అవయవాలనే దెబ్బతీస్తే అదే సెప్సిస్. రక్తనాళాలు సడలి బీపీ పడిపోతుంది, మూత్రం తగ్గిపోతుంది. ఆస్పత్రిలో చేరిన సెప్సిస్ రోగుల్లో మరణాలు 10 శాతం పైనే ఉంటే, షాక్‌లోకి వెళ్లినవాళ్లలో 40 శాతం దాటతాయి. షాక్ మొదలయ్యాక సరైన యాంటీబయాటిక్ పడటం గంట ఆలస్యమైన కొద్దీ, బతికే అవకాశం సగటున 7.6 శాతం చొప్పున తగ్గిందని 2006 నాటి ఒక పెద్ద అధ్యయనం చెప్పింది.

ఇబ్రహీంపట్నం బాధితుల్లో మొదట కనిపించింది వాంతులు, విరేచనాలు. తిన్నది పడలేదని ఎవరైనా అనుకుంటారు. ఆపరేషన్ అయిన మనిషి నిమిషానికి 22 సార్లో అంతకన్నా ఎక్కువో ఊపిరి తీస్తున్నా, పై బీపీ 100కు దిగినా, మాట తడబడి మగతగా ఉన్నా ఆర్ఎంపీ దగ్గర ఆగకుండా పెద్దాస్పత్రికి తీసుకెళ్లాలి. ఇవేవీ లేవు కదా అని నిశ్చింతగా ఉండటానికీ లేదు. మంచాల, మాడ్గుల మండలాల పల్లెల నుంచి బయల్దేరి, దిల్‌సుఖ్‌నగర్ ట్రాఫిక్ దాటి నిమ్స్ చేరడానికి రెండు గంటలు పట్టినా వింతేం లేదు. ఎల్బీనగర్ ప్రాంతానికి వెయ్యి పడకల టిమ్స్ ఆస్పత్రి కోసం గడ్డిఅన్నారం పాత పండ్ల మార్కెట్ స్థలంలో శంకుస్థాపన జరిగింది ఆ ఏడాది ఏప్రిల్ 26నే, అంటే క్యాంపుకు నాలుగు నెలల ముందు.

ఇంకో లెక్క కూడా చూడాలి. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో పెళ్లయిన ఆడవాళ్లలో ట్యూబెక్టమీ చేయించుకున్నవాళ్లు 37.9 శాతం, భర్త వేసెక్టమీ చేయించుకున్నవాళ్లు 0.3 శాతం. పొట్ట తెరవనక్కర్లేని ఆపరేషన్‌కు మగవాళ్లు ముందుకు రారు కాబట్టే క్యాంపుల ముందు ఆడవాళ్ల వరసలు.

ఈ క్యాంపుల పద్ధతినే మూడేళ్లలో మాన్పించాలని సుప్రీంకోర్టు 2016 సెప్టెంబరు 14న, దేవికా బిశ్వాస్ కేసులో చెప్పింది. ఆ గడువు 2019 సెప్టెంబరుతో ముగిసింది. ఇబ్రహీంపట్నం క్యాంపు జరిగింది దాదాపు మూడేళ్ల తర్వాత.