చూపు తగ్గకముందే కనిపెట్టవలసిన వ్యాధి

ఆళ్లగడ్డ శిల్పి రాతిలో కనురెప్ప మలచవలెనన్నా, నంద్యాల దర్జీ సూదిలో దారం ఎక్కించవలెనన్నా చూపే ఆధారం. ఆ చూపును చడీచప్పుడు లేకుండా హరించే వ్యాధులలో మధుమేహం వలన రెటీనాకు కలిగే వ్యాధి ముఖ్యమైనది. మన ప్రాంతంలో షుగరు అని పిలిచే ఈ జబ్బు ఉన్నవారిలో పలువురు "నాకు బాగానే కనబడుతున్నది కదా, కంటి పరీక్ష ఎందుకు?" అంటారు. ప్రమాదమంతా ఆ మాటలోనే ఉన్నది.

రెటీనా అనగా కంటి లోపల వెనుకవైపున ఉండే పలుచని పొర. మనం చూచే వస్తువుల ప్రతిబింబం దానిమీదనే పడుతుంది. రక్తంలో చక్కెర ఏండ్ల తరబడి అధికంగా ఉన్నచో దానిలోని అతి సన్నని రక్తనాళాల గోడలు బలహీనపడతాయి. మొదట సూదిమొనంత ఉబ్బులు ఏర్పడతాయి. పిమ్మట వాటినుండి రక్తం, నీరు, కొవ్వు స్రవిస్తాయి. కొన్ని నాళాలు పూడిపోగా, ఆ లోటు తీర్చుటకు కొత్త నాళాలు మొలుస్తాయి. ఇవి పెళుసైనవి, చిట్లినచో చూపు ఒక్కసారిగా మూసుకొనిపోవచ్చును. అయితే రెటీనా నడిమి భాగం చెడనంతవరకు రోగికి నొప్పి ఉండదు, ఎరుపు ఉండదు. అక్షరాల పట్టికను చివరి వరుస దాకా చదువగలడు. కావున ఆ పట్టిక ఒక్కటే ఈ వ్యాధికి పరీక్ష కానేరదు.

1851లో జర్మను శాస్త్రజ్ఞుడు హెల్మ్‌హోల్ట్జ్ ఆప్తాల్మోస్కోపును లోకానికి పరిచయం చేసిన తరువాత సజీవ నేత్రం లోపలి భాగాన్ని చూడడం వైద్యులకు సాధ్యమైనది. నేడు చుక్కల మందుతో కంటిపాపను పెద్దది చేసి రెటీనాను పరిశీలిస్తారు, లేదా ప్రత్యేకమైన కెమెరాతో ఫొటో తీస్తారు. ఆ మందు వలన కొన్ని గంటలపాటు దగ్గరి వస్తువులు మసకగా కనబడతాయి, వెలుతురు భరించలేము. కావున వెంట ఒకరు ఉండడం మంచిది.

ఈ వ్యాధి అరుదైనది కాదు. హైదరాబాదులో జరిగి 1999లో ప్రచురితమైన ఒక అధ్యయనంలో, 30 ఏండ్లు దాటి తమకు మధుమేహం ఉన్నదని చెప్పిన 124 మందిలో 28 మందికి రెటీనా దెబ్బతిన్నట్లు తేలినది.

పెద్దలకు సాధారణంగా వచ్చే మధుమేహం బయటపడకముందే కొన్నేండ్లుగా ఉండవచ్చును. అందువలన వారికి జబ్బు తెలిసిన వెంటనే, చిన్నతనంలో వచ్చినవారికి ఐదేండ్లలోపు, ముందే మధుమేహం ఉన్న గర్భిణులకు మొదటి మూడు నెలలలో ఈ పరీక్ష జరగాలి. ఆపైన ఏటేటా, లేదా వైద్యులు చెప్పిన గడువులో చేయించుకోవాలి.

లేజరు చికిత్స తీవ్రమైన దృష్టినష్టాన్ని సగానికి మించి తగ్గించగలదని 1976లోనే అమెరికాలో ఒక అధ్యయనం నిరూపించినది. నేడు కంటిలోనికి ఇచ్చే ఇంజెక్షన్లు కూడా ఉన్నవి. చక్కెర, రక్తపోటు అదుపులో ఉంచుకోవడం వీటన్నిటికీ పునాది. కాని చికిత్స ముఖ్యంగా ఉన్న చూపును నిలుపుతుంది. పోయిన చూపు మరలివచ్చుట అన్నివేళలా సాధ్యం కాదు.

నంద్యాల 2022లో జిల్లా కేంద్రమైనది. 2023లో అక్కడ ప్రభుత్వ వైద్య కళాశాల ప్రారంభమైనది. కర్నూలులో ప్రభుత్వ ప్రాంతీయ కంటి ఆసుపత్రి ఉన్నది. అయినా ఒకనాటి కూలి పోతుందని, తోడు వచ్చేవారు లేరని పెద్దలు వెనుకాడుతుంటారు. విద్యార్థులారా, ఇంటిలో మధుమేహం ఉన్నవారి మందుల చీటీలు ఒకసారి తిరగవేయండి. రెటీనా పరీక్ష తేదీ కనిపించకున్నచో, ఉర్దూలోనో తెలుగులోనో వారికి నచ్చజెప్పి, మీరే తోడుగా వెళ్లండి.