పెద్ద కుర్చీ జీతానికి మొఘల్‌పురా ఓటు

మొఘల్‌పురా గల్లీల్లో షేర్ మార్కెట్ ఊసు పెద్దగా వినిపించదు. కానీ నెలజీతం వచ్చే మనిషి ఉన్న ఇంట్లో పీఎఫ్ మాట తప్పకుండా వస్తుంది. 2015 ఆగస్టు నుంచి ఆ పీఎఫ్ సొమ్ములో కొంత నిఫ్టీ, సెన్సెక్స్ ఫండ్ల ద్వారా పెద్ద కంపెనీల షేర్లలోకి వెళ్తోంది. అంటే షాలిబండలో బస్సెక్కి డ్యూటీకి వెళ్ళే కుర్రాడికి డాక్టర్ రెడ్డీస్‌లో నలుసంత వాటా ఉన్నట్టే. ఆ కంపెనీ పెద్దలకు ఎంత ముట్టజెబుతున్నారన్నది అతనికీ సంబంధించిన విషయమే.

హైదరాబాద్ కేంద్రంగా ఉన్న లిస్టెడ్ కంపెనీలు చాలావరకు కుటుంబాలవే. పెట్టింది వాళ్ళే, నడిపేదీ వాళ్ళే. అందుకే ఇక్కడ పైవాళ్ళ రాబడిలో నెలజీతం చిన్న ముక్క, లాభం మీద కమీషన్ పెద్ద ముక్క. దివీస్ లేబొరేటరీస్ అధినేత మురళి దివికి 2018-19లో 58 కోట్ల రూపాయలకు పైగా వచ్చింది. అందులో అత్యధిక భాగం కమీషనే. లాభం పెరిగింది, కమీషనూ పెరిగింది. లెక్క దాపరికం లేకుండా వార్షిక నివేదికలో అచ్చయింది. 2013 కంపెనీల చట్టం 197వ సెక్షన్ ప్రకారం ఒక మేనేజింగ్ డైరెక్టరుకు నికర లాభంలో 5 శాతం, డైరెక్టర్లందరికీ కలిపి 11 శాతం దాకా ఇవ్వవచ్చు. అంతకు మించాలంటే వాటాదారుల అనుమతి తీసుకోవాలి. షేర్ మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ ఇంకో మెలిక పెట్టింది. ప్రమోటరు కుటుంబానికి చెందిన డైరెక్టరు 5 కోట్లు లేదా లాభంలో రెండున్నర శాతం, ఈ రెంటిలో ఏది ఎక్కువైతే దానికి మించి తీసుకోవాలన్నా ప్రత్యేక తీర్మానం కావాల్సిందే. నూటికి 75 ఓట్లు పడితేనే అది నెగ్గుతుంది.

లాభంలో వాటా అనేది పాతబస్తీకి కొత్త కాదు. ఒకరు పెట్టుబడి పెడితే ఇంకొకరు కష్టపడతారు. లాభాన్ని ముందే అనుకున్న పాళ్ళలో పంచుకుంటారు. నష్టం వస్తే సొమ్ము పోయేది పెట్టుబడిదారుకు, శ్రమ పోయేది పనిచేసినవాడికి. ముస్లిం వ్యాపార సంప్రదాయంలో దీన్ని ముజారబా అంటారు. కంపెనీ కమీషన్ ఇలాగే కనిపిస్తుంది గానీ అసలైన చోట తేడా ఉంది. నష్టమొచ్చిన ఏడాది కమీషన్ ఆగుతుంది, జీతం ఆగదు. లాభమే లేని కంపెనీలో కూడా, మూలధనం 5 కోట్ల లోపున్నా సరే, ఏడాదికి 60 లక్షల దాకా ఇచ్చుకోవచ్చని చట్టం ఐదో షెడ్యూలు చెబుతోంది. కంపెనీ పెద్దదైన కొద్దీ ఆ పరిమితి పెరుగుతుంది. గెలిచినప్పుడు పాలు పంచుకునేవాడు ఓడినప్పుడు ఏం పోగొట్టుకుంటున్నాడు? జీతాల పట్టికను నేను ఈ ప్రశ్నతోనే చదువుతాను.

అమెరికాలో దీనికి జవాబుగా జీతం తగ్గించి షేర్లు ఇస్తారు. బేగంపేట హైదరాబాద్ పబ్లిక్ స్కూల్లో చదివిన మైక్రోసాఫ్ట్ సీఈఓ సత్య నాదెళ్లకు 2024 ఆర్థిక సంవత్సరంలో ఆ కంపెనీ ఇచ్చింది 7 కోట్ల 91 లక్షల డాలర్లు. అందులో జీతం 25 లక్షలే, 7 కోట్లకు పైగా షేర్లు. సైబర్ భద్రతలో కంపెనీ దెబ్బతిన్నందుకు తన నగదు బోనస్‌ను తగ్గించమని ఆయనే అడిగారు. సగానికి సగం తగ్గి 52 లక్షల డాలర్లయింది. మెచ్చుకోవలసిన పనే. అయినా మొత్తం రాబడి అంతకు ముందు ఏడాదికన్నా 60 శాతానికి పైగా పెరిగింది. షేరు ధర ఎగిరితే అలాగే ఉంటుంది.

షేర్లిస్తే మనిషి కంపెనీ మేలే కోరతాడన్న నమ్మకం ఇక్కడ ఎప్పుడో దెబ్బతింది. మొఘల్‌పురా నుంచి నిజాంల దర్బారు జరిగిన చౌమహల్లా ప్యాలెస్‌కు నడిచి వెళ్ళొచ్చు. ఆ దర్బారు కాలంలోనే, 1886లో, నిజాం రాజ్యపు గనుల కోసం లండన్‌లో హైదరాబాద్ దక్కన్ కంపెనీ పుట్టింది. లక్ష షేర్లలో 85 వేలు అనుమతి సంపాదించిన దళారులకు ఉచితంగా పోయాయి. వాళ్ళ నుంచి నిజాం హోం సెక్రటరీ అబ్దుల్ హక్ వాటా పుచ్చుకున్నారు. ఆపైన సర్కారు తరఫున 10 వేల షేర్లు అసలు విలువను మించిన ధరకు కొనిపించారు. 1888లో బ్రిటిష్ పార్లమెంటు కమిటీ దీన్ని విచారించింది. అదే కంపెనీ తర్వాత సింగరేణి అయింది.

నూట ఇరవై ఏళ్ళ తర్వాత హైదరాబాద్‌లోనే సత్యం కంప్యూటర్స్ కుంభకోణం. అక్కడ తప్పుచేస్తే అడ్డుకోవలసిన స్వతంత్ర డైరెక్టర్ల చేతిలోనే స్టాక్ ఆప్షన్లు పెట్టారు. 2008 డిసెంబరు 16న సత్యం అధినేత రామలింగరాజు కుటుంబానికి చెందిన మేటాస్ కంపెనీలను కొనాలన్న ప్రతిపాదనకు ఆ బోర్డే తలూపింది. మదుపరులు తిరగబడడంతో గంటల్లో వెనక్కి తీసుకున్నారు. మూడు వారాలకు, లెక్కలు తారుమారు చేశానని ఒప్పుకుంటూ రామలింగరాజు రాసిన లేఖ బయటపడింది. 2013 చట్టం స్వతంత్ర డైరెక్టర్లకు స్టాక్ ఆప్షన్లు నిషేధించింది. ఆలస్యంగానైనా సరైన పని చేసింది.

ఇదే చట్టం వల్ల ఇప్పుడు ప్రతి వార్షిక నివేదికలో ఒక చిన్న పట్టిక వస్తోంది. ఉద్యోగులందరినీ జీతం వరుసలో నిలబెడితే సరిగ్గా మధ్యలో నిలిచే మనిషి జీతానికి డైరెక్టరు రాబడి ఎన్ని రెట్లో అందులో ఉంటుంది. డైరెక్టర్ల నివేదికకు అనుబంధంగా వెనకాల పేజీల్లో వేస్తారు. ముందు పేజీల్లోని రంగుల ఫొటోలను దాటి అక్కడిదాకా వెళ్ళేవాళ్ళు కొద్దిమంది. 2024 ఆర్థిక సంవత్సరంలో మైక్రోసాఫ్ట్‌లో ఇలాంటి అంకె 408. మన కంపెనీల అంకెలను కూడా ఇలాగే తీసి పక్కపక్కన పెట్టి చూడాలి.

చూస్తే ఏమవుతుందంటారా? 2021 ఆగస్టులో ఐషర్ మోటార్స్ అధిపతి సిద్ధార్థ లాల్ పునర్నియామకం, జీతం పెంపు ఒకే తీర్మానంగా వచ్చాయి. 73 శాతం ఓట్లే పడ్డాయి, తీర్మానం ఓడింది. కంపెనీ జీతం తగ్గించుకుని మళ్ళీ రావాల్సి వచ్చింది.

పీఎఫ్ షేర్ల మీద ఓటు పీఎఫ్ ఖాతాదారు వెయ్యడు. ఆ ఫండ్లను నడిపే మ్యూచువల్ ఫండ్ సంస్థలు వేస్తాయి. డైరెక్టర్ల నియామకం, జీతం వంటి తీర్మానాలపై అవి ఓటు వేసి తీరాలని సెబీ 2021 ఏప్రిల్ నుంచి నిర్బంధం చేసింది. ఏ తీర్మానానికి అవునన్నదీ, దేనికి కాదన్నదీ, ఎందుకన్నదీ మూడు నెలలకోసారి తమ వెబ్‌సైట్లలో పెట్టాలి. ఫోన్‌లో పీఎఫ్ బ్యాలెన్స్ చూసుకునే కుర్రాడు ఆ జాబితానూ తెరవొచ్చు.