నేరస్థుల పట్టీలో మన పెద్దలు

మారిషస్ తెలుగు కుటుంబాల చరిత్ర వెదకబోయే వారికి ఒక్కొక్కప్పుడు మనసు చివుక్కుమనే మాట కనిపిస్తుంది. ముత్తాతగారి పేరు పక్కన "వేగ్రంట్", అంటే దేశదిమ్మరి, అని వ్రాసి ఉంటుంది. కొందరు ఆ పుట మూసివేసి, ఇంట్లో ఆ ఊసే ఎత్తరు. అలా చేయవద్దని మా మనవి. ఆ కాగితానికి ముందు ఆనాటి చట్టం చదవాలి.

ఒప్పందం ముగించుకొన్న పాత కూలీలు ఫొటో ఉన్న టిక్కెట్టు, పోలీసు పాసు దగ్గర ఉంచుకోవాలని 1867 నాటి 31వ ఆర్డినెన్సు శాసించింది. అవి చూపలేనివారు దేశదిమ్మరుల క్రింద పట్టుబడేవారు. ఎస్టేటులో ఒక్కరోజు పనికి రాకుంటే రెండు రోజుల కూలి కోత. కనుక రికార్డులో "నేరము" అని ఉంటే అది దొంగతనమా, పాసు లేకపోవడమా అని మొదట తేల్చుకోవాలి.

అందుకు గ్రంథాలయంలో ముందుగా అడగవలసినవి ఆనాటి మారిషస్ చట్టాల సంపుటాలు. తరువాత, 1871లో అడాల్ఫ్ ద ప్లెవిట్జ్ సాయంతో తొమ్మిది వేల మందికి పైగా పాత కూలీలు పెట్టుకొన్న అర్జీ, ఆపైన 1875లో వెలువడిన రాయల్ కమిషన్ నివేదిక. ఈ నివేదిక బ్రిటిషు పార్లమెంటు పత్రాలలో అచ్చయింది. గవర్నర్ల లేఖలు ఇంగ్లండులోని జాతీయ పత్రాలయంలో సి.ఓ. 167 వరుసలో ఉన్నవి.

మన ఇంటి మనిషిని గుర్తించడానికి మోకా గ్రామంలోని మహాత్మా గాంధీ సంస్థలో వలస రిజిస్టర్లు ఉన్నవి. అక్కడ పేరుకంటె నంబరు ముఖ్యం. గుమాస్తాలు చెవికి వినబడినట్లు వ్రాశారు గనుక ఒకే అప్పలస్వామి రెండు చోట్ల రెండు విధాలుగా కనిపించవచ్చు. కోరంగి రేవును బట్టి మనవారిని "కోరంగీలు" అనేవారు. ఆ మాటనూ వెదకండి.

ఒక్క జాగ్రత్త. పోలీసు కాగితం వ్రాసినది పట్టుకొన్నవాడు. పట్టుబడినవాని మాట అర్జీలోను, కమిషన్ సాక్ష్యాలలోను వెదకాలి. రెండూ పక్కపక్కన పెట్టి చదివితేనే మన పెద్దలకు న్యాయం జరుగుతుంది.

మీ ఇంటి ట్రంకు పెట్టెలో పాత పాసు ఉంటే పారవేయకండి. దానిమీది నంబరు ఈరోజే వ్రాసి పెట్టుకోండి.