రాగిరేకు నుంచి శుభలేఖ దాకా

పెళ్లి కుదిరిందంటే మన ఇళ్లలో మొదట కదిలేది పంచాంగం, ఆ తరువాత శుభలేఖ. ఉంగుటూరువంటి ఊళ్లో ఉన్నవారు దానికోసం ఇటు తాడేపల్లిగూడెమో, అటు ఏలూరో వెళ్లి, నమూనాల పుస్తకం ముందేసుకుని కూర్చుంటారు. వినాయకుడి బొమ్మ ఎక్కడ ఉండాలి, మేనమామగారి పేరు ఏ వరుసలో రావాలి అన్నదానిమీద ఇంటిల్లిపాదీ తర్జనభర్జన పడతారు. కార్డులు ఇంటికి రాగానే నాలుగు మూలలా పసుపు పూస్తారు. ఇంత శ్రద్ధ చూపే మనం, ఆ అక్షరం కాగితంమీదికి ఎలా వచ్చిందో మాత్రం అడగం. అడిగితే పెద్ద కథే ఉంది. ఆ కథలోని పనిముట్లు మన కళ్లముందే పాత ఇనుము కింద తూకానికి పోతున్నాయి గనుక, ఇప్పుడే చెప్పుకోవడం మంచిది.

వేలికి తెలిసే అక్షరం

అచ్చుకు ముఖ్యంగా మూడు దారులున్నాయి. అక్షరం పైకి లేచి ఉండి, దానికి సిరా పూసి కాగితంమీద అద్దడం ఒకటి. సీసపు టైపు ఈ జాతిది. నున్నటి రేకుమీద సిరా అంటే చోటు, అంటని చోటు ఏర్పరచి అచ్చుతీయడం రెండవది; నేటి ఆఫ్‌సెట్ ఇదే. అక్షరాన్ని లోహంలోకి లోతుగా చెక్కడం మూడవది. నాణ్యమైన లెటర్‌హెడ్లు, విజిటింగ్ కార్డులు, ఆహ్వానపత్రాలు తయారుచేసే చెక్కుడు పని ఈ మూడవదే.

చెక్కేవాడు నున్నగా మెరుగుపెట్టిన రాగి లేక ఉక్కు రేకు తీసుకుని, పదునైన ఉలితో అక్షరాన్ని అద్దంలో కనిపించినట్టు తిరగేసి చెక్కుతాడు. రేకంతా సిరా పూసి, పైభాగాన్ని శుభ్రంగా తుడిచేస్తారు. సిరా గాడులలోనే మిగులుతుంది. కాగితం పరచి గట్టి ఒత్తిడి పెడితే, కాగితమే ఆ గాడులలోకి దిగి సిరాను అందుకుని పైకి వస్తుంది. అందుకే అక్షరం ఉబ్బెత్తుగా వేలికి తగులుతుంది. వెనుక సన్నని నొక్కు కనిపిస్తుంది.

దీన్ని చూడడానికి ఎక్కడికో వెళ్లనక్కరలేదు. కొత్త అయిదువందల నోటు తీసుకుని గాంధీగారి బొమ్మమీద వేలు ఆడించండి. గరుకుగా తగిలేది ఈ లోతుచెక్కుడు అచ్చే. 1840లో ఇంగ్లండు విడుదలచేసిన మొదటి తపాలాబిళ్ల కూడ ఉక్కుమీద చెక్కిన బొమ్మనుంచి అచ్చయినదే. దొంగ నోటు, దొంగ బిళ్ల తయారుచేసేవాడికి ఆ సన్నని గీతలు కొరుకుడు పడవని నమ్మకం.

ఖర్చైన పనికి చౌకరకం నకలు పుట్టడం లోకసహజం. మామూలుగా అచ్చువేసి, సిరా తడి ఆరకముందే దానిమీద జిగురు పొడి చల్లి వేడిచేస్తే, అది కరిగి అక్షరం ఉబ్బుతుంది. చూపుకు రెండూ ఒకటే. కార్డు వెనక్కి తిప్పి చూడండి: నొక్కు ఉంటే చెక్కుడు పని, లేకపోతే ఇది పొడి మహిమ!

మన నేలకు కొత్తకాదు

లోహంమీద అక్షరం చెక్కడం దొరలు నేర్పితే మనకు వచ్చిన విద్య కాదు. ఏలూరుకు ఉత్తరాన ఉన్న పెదవేగి ఒకనాటి వేంగి రాజధాని. సాలంకాయన రాజు విజయదేవవర్మ వేయించిన ప్రాకృత శాసనం ఏలూరు పేరుతోనే చరిత్రకారులకు పరిచయం. దాన్ని రాగిరేకులమీదే చెక్కారు; దాని వయస్సు సుమారు పదహారు వందల ఏళ్లు. తరువాత వచ్చిన తూర్పు చాళుక్యులు రేకులను కడియానికి గుచ్చి, వరాహం, ‘త్రిభువనాంకుశ’ అనే బిరుదు ఉన్న ముద్ర వేసేవారు. తిరుమలలో తాళ్లపాకవారి సంకీర్తనలు నిలిచింది కూడ రాగిరేకులమీదనే.

తేడా ఒక్కటే. శాసనం చదవడానికి చెక్కినది, కనుక అక్షరం తిన్నగా ఉంటుంది. అచ్చురేకు ఒత్తడానికి చెక్కినది, కనుక తిరగబడి ఉంటుంది. కాని కాగితంమీద తెలుగు అచ్చు విస్తరించినది ఈ దారిన కాదు. సీసపు టైపు దారిన. జర్మనీలోని హాలె పట్టణంలో 1740 దశకంలోనే బెంజమిన్ షుల్జ్ తెలుగు పుస్తకాలు అచ్చువేయించాడు. ఇక్కడ 1874లో ‘వివేకవర్ధని’ ప్రారంభించిన వీరేశలింగం పంతులుగారు మొదట మద్రాసులో అచ్చువేయించి, తరువాత రాజమహేంద్రవరంలోనే అచ్చుకూటం పెట్టుకున్నారు. పాత పుస్తకాల ముఖపత్రాలు తిరగేస్తే ఏలూరు మంజువాణీ ముద్రాక్షరశాల, వెంకట్రామా పవర్ ప్రెస్సు అన్న పేర్లు కనిపిస్తాయి.

ట్రెడిల్ పాట

మన తాతల, తండ్రుల శుభలేఖలు చాలవరకు ట్రెడిల్‌మీద అచ్చయినవే. కాలితో తొక్కితే చక్రం తిరుగుతుంది; గుండ్రటి పళ్లెంమీది సిరాను రోలర్లు అందుకుని టైపుకు పూస్తాయి; పనివాడు కుడిచేత్తో కార్డు అందిస్తూ, ఎడమచేత్తో అచ్చయినది తీస్తాడు. లయ తప్పితే వేలికే ప్రమాదం.

అంతకన్న కష్టం కంపోజిటరుది. ఇంగ్లీషుకు ఇరవైయారు అక్షరాలు. మనకో? గుణింతాలు, వత్తులు, సంయుక్తాలు కలిపి వందలకొద్దీ అచ్చుముక్కలు. వాటికి గోడంతా గళ్ల పెట్టెలు. చూడకుండానే చెయ్యి సరియైన గడిలోకి పోవాలి. తలకిందులుగా ఉన్న వరుసను తప్పులేకుండా చదవాలి. ‘చి.సౌ.’ లో ఒక అక్షరం జారితే పెళ్లివారు ఊరుకుంటారా?

1990 దశకంలో కంప్యూటర్లు ఊరూరా వచ్చాయి. నెలరోజుల పని పూటలో తేలింది. రంగులు పెరిగాయి, ధర తగ్గింది. ఇందుకు ఎవరినీ తప్పుపట్టనక్కరలేదు. కాని ఆ తరువాత జరిగినదే విచారించవలసిన విషయం. టైపు సీసం ధరకు కరిగిపోయింది. పోత ఇనుప యంత్రం సమ్మెటదెబ్బకు ముక్కలై లారీ ఎక్కింది. చెక్కిన అచ్చులు, బొమ్మల బ్లాకులు ఏ మూలనో పడి చిలుమెక్కాయి. “అక్షరాలకేం, కంప్యూటరులో ఎన్ని రకాలు లేవు?” అంటారు. నిజమే. కాని పాత టైపులో ఒక్కొక్క అక్షరం వెనుక పేరు తెలియని ఒక పనివాడి చేతివంపు ఉంది. కరిగించిన తరువాత ఆ వంపు మళ్లీ పోతకు రాదు.

దాచడం ఎలాగు?

బెల్జియం దేశంలో ఆంట్‌వెర్ప్ నగరంలో ప్లాంటిన్ కుటుంబంవారి అచ్చుకూటాన్ని టైపుతో, యంత్రాలతో సహా 1877లో ప్రదర్శనశాలగా తెరిచారు. ప్రపంచంలో మిగిలిన అతి పాత అచ్చుయంత్రాలు రెండు అక్కడే ఉన్నాయి. 2005లో దానికి ప్రపంచ వారసత్వ హోదా లభించింది. మనకు అంత పెద్ద భవనం అక్కరలేదు. ఒక కాలేజీలో ఒక గది చాలు.

అయితే అద్దాల వెనుక పెట్టినంతమాత్రాన యంత్రం బతకదు. తిరిగేదే బతుకుతుంది. కొల్లేటి గాలి తేమకు ఇనుము తుప్పుపడుతుంది; నెలకోసారి తుడిచి నూనె రాయాలి. చెక్కిన రేకులకు మైనమో గ్రీజో పట్టించి, ఒకదానికొకటి రాసుకోకుండా విడివిడిగా కాగితాలలో చుట్టాలి. టైపును పొడిచోట పెట్టాలి. తెల్లటి పొడి రేగిందంటే చెడుతున్నదన్నమాట. సీసం ముట్టుకున్న చేతులు సబ్బుతో కడగనిదే అన్నం ముట్టరాదు. పిల్లలను దగ్గరకు రానీయరాదు. వీటన్నిటికన్న ముందు, పని తెలిసిన పెద్దవారు ఉండగానే వారిచేత పది మంది కుర్రవాళ్లకు నేర్పించాలి. పనివాడు లేని ట్రెడిల్ నాలుగు బస్తాల బరువున్న ఇనుమే.

కొల్లేటికి ఆవలి పెడనను చూడండి. కలంకారీ అద్దకానికి అక్కడ టేకుచెక్కమీద పూలను, లతలను తిరగేసి చెక్కే చేతులు నేటికీ ఉన్నాయి. ఎందుకు నిలిచాయి? ఆ బట్టను కొనేవారు ఉన్నారు గనుక. అచ్చుపనికీ ఇదే న్యాయం. శుభలేఖలన్నీ పాత పద్ధతిలో వేయించమని ఎవరూ అనరు. అయిదు వందల కార్డులలో పెద్దలకిచ్చే పాతికో యాభయ్యో పని తెలిసినవారిచేత వేయిస్తే చాలు. ఒక యంత్రం మరో ఏడాది తిరుగుతుంది.

ఈలోగా మన ఇళ్లలో చేయదగిన పని మరొకటి ఉంది. అటకమీది ట్రంకు పెట్టెలో అమ్మమ్మగారి పెళ్లి శుభలేఖ ఉందేమో వెదకండి. దొరికితే లామినేషన్ చేయించకండి. మంచి కాగితంలో చుట్టి, చీడ పట్టనిచోట పెట్టండి. తేదీ, ఊళ్లు, బంధువుల పేర్లతోపాటు అట్టడుగున చిన్న అక్షరాలలో ప్రెస్సు పేరు ఉంటుంది. దాన్ని కూడ ఒకసారి చదవండి.