తెలుగు తెరపై కౌబాయ్: ‘మోసగాళ్ళకు మోసగాడు’

అమెరికా పశ్చిమ ప్రాంతాల్లో పశువుల మందలను తోలుతూ గుర్రాలపై తిరిగిన కాపరులను కౌబాయ్‌లు అంటారు. చట్టం ఇంకా గట్టిగా కాలూనని ఆ నేలపై తుపాకీనే నమ్ముకుని బతికిన మనుషుల కథలతో వచ్చిన చిత్రాలకు వెస్టర్న్‌లని పేరు స్థిరపడింది. అటువంటి నేల గాని, అటువంటి కాపరులు గాని లేని తెలుగునాట 1971 ఆగస్టు 27న విడుదలైన ‘మోసగాళ్ళకు మోసగాడు’ను భారతదేశపు తొలి కౌబాయ్ చిత్రంగా చెప్పుకోవడం పరిపాటి. తమిళంలో ఛాయాగ్రాహకుడు, దర్శకుడు కర్ణన్ దాదాపు అదే కాలంలో ఇటువంటి చిత్రాలకు పూనుకున్నారు గనుక ‘తొలి’ అన్న మాటపై వాదానికి చోటుంది. అయితే హిందీలో ‘షోలే’ రావడానికి నాలుగేళ్ళ ముందే ఈ బాణీని తెలుగు ప్రేక్షకులకు అలవాటు చేసిన ఘనత మాత్రం నిస్సందేహంగా ఈ చిత్రానిదే.

ఈ చిత్రానికి మాతృక నేరుగా అమెరికాది కాదు. ఇటలీ దర్శకుడు సెర్జియో లియోనీ 1964 నుంచి 1966 వరకు వరుసగా తీసిన మూడు ‘డాలర్ల’ చిత్రాలు వెస్టర్న్ స్వరూపాన్నే మార్చివేశాయి. హాలీవుడ్ నాయకుడిలోని నీతినిష్ఠ స్థానంలో డబ్బు కోసం బతికే ఒంటరి మనిషి వచ్చాడు, అమెరికా ఎడారికి బదులు స్పెయిన్‌లోని అల్మేరియా ఎండభూములు తెరకెక్కాయి, సంభాషణ తగ్గి చూపులకూ సంగీతానికీ ప్రాధాన్యం పెరిగింది. ఇటలీవారు తీసినవి గనుక వీటిని ‘స్పఘెట్టీ వెస్టర్న్‌లు’ అన్నారు. వాటిలో మొదటి చిత్రానికి ఆధారం జపాన్ దర్శకుడు అకిర కురొసావా తీసిన ‘యోజింబో’ (1961) కావడాన్ని బట్టి చూస్తే, ఈ కథలు ఏ ఒక్క దేశపు సొత్తుగానూ ఉండిపోలేదని, జపాన్ నుంచి ఇటలీకి, ఇటలీ నుంచి తెలుగుకు చేతులు మారుతూ వచ్చాయని గ్రహించవచ్చు.

ఈ చిత్రాన్ని స్వతంత్ర ప్రయత్నమని ఎందుకు అనాలో తెలియాలంటే నాటి చిత్రనిర్మాణ పద్ధతిని కొంత చూడాలి. తెలుగు సినిమాకు అప్పటికీ మద్రాసే ప్రధాన కేంద్రం. అమీర్‌పేటలో సారథి స్టూడియో అప్పటికే వెలిసి, పూర్తిగా హైదరాబాదులోనే తయారైన తొలి తెలుగు చిత్రం ‘మా ఇంటి మహాలక్ష్మి’ (1959)కి వేదికైనప్పటికీ, నటులు, సాంకేతిక నిపుణులు, లేబరేటరీలు ఎక్కువగా మద్రాసులోనే ఉండిపోయాయి. నిర్మాతలు చాలావరకు పంపిణీదారుల అడ్వాన్సులపై ఆధారపడేవారు గనుక, కుటుంబ ప్రేక్షకులు, ముఖ్యంగా స్త్రీలు ఆదరిస్తారని నమ్మకమున్న కథలకే సులభంగా పెట్టుబడి దొరికేది. అటువంటి రోజుల్లో కథానాయకుడు కృష్ణ, సోదరులు హనుమంతరావు, ఆదిశేషగిరిరావులతో కలిసి నెలకొల్పిన పద్మాలయా సంస్థ, తొలి చిత్రం ‘అగ్నిపరీక్ష’ ఆశించినంత ఆడకపోయినా వెనుకంజ వేయక, రెండో ప్రయత్నంగా ఎవరూ అడగని ఈ కథను ఎంచుకుంది. నష్టపోతే సొంత ఇల్లే నష్టపోయే స్థితిలో తీసుకున్న ఈ నిర్ణయంలోనే చిత్రం అసలు విశిష్టత ఉంది.

దర్శకత్వ బాధ్యత కె.ఎస్.ఆర్. దాస్‌కు, రచన ఆరుద్రకు అప్పగించారు. ‘త్వమేవాహం’ కావ్యకర్త, ‘సమగ్ర ఆంధ్ర సాహిత్యం’ రచించిన పరిశోధకుడు కౌబాయ్ చిత్రానికి కథ, మాటలు సమకూర్చడం నేటి పాఠకులకు వింతగా తోచవచ్చు గాని, చరిత్ర తెలిసిన రచయిత కావడమే ఇక్కడ కలిసివచ్చింది. తెలుగువాడు టోపీ పెట్టుకుని, నడుమున తుపాకీ ధరించి గుర్రమెక్కి ఎందుకు తిరుగుతాడన్న ప్రశ్నకు సమాధానం చెప్పనిదే ప్రేక్షకుడు కథను నమ్మడు. ఆంగ్లేయుల కాలాన్ని నేపథ్యంగా తీసుకుని, దాచిన రాజ్యనిధిని వెతికే వేటగా కథను మలచడంతో ఆ చిక్కు విడిపోయింది. తల్లిదండ్రులను చంపినవారిపై కథానాయకుడి పగ అనే అంశం లియోనీ చిత్రాల్లోని నిర్వికారతకు దూరమైనదే అయినా, తెలుగు ప్రేక్షకుణ్ణి కథకు దగ్గర చేసిన సూత్రం అదే. ‘రక్తకన్నీరు’ నాటకంతో ఊరూరా పేరుపొందిన నాగభూషణం పోషించిన నక్కజిత్తుల నాగన్న పాత్రలో, ‘ద గుడ్, ద బ్యాడ్ అండ్ ద అగ్లీ’లో ఎలై వాలక్ నటించిన టూకో ఛాయలు స్పష్టంగా కనిపిస్తాయి. అయినప్పటికీ మాట విరుపులోనూ, నమ్మించి నవ్వించే తీరులోనూ నాగన్న అచ్చమైన తెలుగు రంగస్థలం నుంచి దిగివచ్చిన మనిషే.

ఛాయాగ్రాహకుడు వి.ఎస్.ఆర్. స్వామి ఎదుర్కొన్న ఇబ్బంది ప్రత్యేకంగా చెప్పుకోదగినది. లియోనీ తన చిత్రాలను అడ్డంగా బాగా విశాలమైన చట్రంలో తీశారు గనుక, ఒక అంచున కళ్ళు మాత్రమే కనిపించే ముఖాన్ని, మరో అంచు వరకు ఖాళీ ఎడారిని ఒకే దృశ్యంలో ఇమడ్చగలిగారు. ఆ విశాల చట్రం, అంటే సినిమాస్కోప్, తెలుగులోకి వచ్చింది 1974లో, అదే స్వామి ఛాయాగ్రహణం నిర్వహించిన ‘అల్లూరి సీతారామరాజు’తో. అంతకు మూడేళ్ళ ముందు మామూలు చట్రంలోనే రాజస్థాన్ ఇసుకతిన్నెల విస్తారాన్ని, హిమాచల్ కొండల ఎత్తును చూపవలసి రావడం చిన్న పరీక్ష కాదు. సంగీతం విషయంలోనూ ఇటువంటి సాహసమే జరిగింది. ‘అనార్కలి’, ‘సువర్ణసుందరి’ చిత్రాలకు రాగప్రధానమైన బాణీలు కట్టిన పి. ఆదినారాయణరావును ఎంచుకోవడం వల్ల, ఇటాలియన్ వెస్టర్న్‌లలో ఎన్నియో మోరికోనే ఈలలతో, అరుపులతో నింపిన స్థలంలో తెలుగువారు పాడుకునే పాటలు వచ్చి చేరాయి. పాటలు కథ వేగాన్ని కొంత తగ్గించిన మాట నిజమే గాని, అవి లేకుంటే ఈ చిత్రం ఊళ్ళలోని టూరింగ్ టాకీసుల దాకా చేరి ఉండేదా అన్నది సందేహమే.

చిత్రం విజయవంతమై, హిందీ, తమిళం, ఆంగ్లం మొదలైన భాషల్లోకి అనువాదమైంది. తర్వాత ఈ దారిలో వచ్చినవాటిలో చిరంజీవి ‘కొదమసింహం’ (1990), మహేష్‌బాబు ‘టక్కరిదొంగ’ (2002) ప్రముఖమైనవి, కాగా రెండో దానిలో కృష్ణ కాసేపు కనిపించి తండ్రీకొడుకుల వరుసను కలిపారు. రాజేంద్రప్రసాద్ శాకాహారి కౌబాయ్‌గా నటించిన ‘క్విక్ గన్ మురుగన్’ (2009) పూర్తిగా మరో రకం: తెరపై పేరుకుపోయిన కౌబాయ్ అలవాట్లన్నిటినీ దోసెల అంగళ్ళ పోరాటంలోకి లాగి నవ్వించిన చిత్రం. తెలుగులో ఈ బాణీ అరుదుగానే మిగిలిపోవడానికి కారణం అభిరుచి లేకపోవడం కాదు. గుర్రాలు, కాలానికి తగిన సామగ్రి, దూరప్రాంతాల చిత్రీకరణ కలిసి చిన్న నిర్మాతకు మోయలేని భారమవుతాయి.

కృష్ణ 2022 నవంబరు 15న కన్నుమూశాక, 2023 మే 31న, ఆయన జయంతినాడు, ‘మోసగాళ్ళకు మోసగాడు’ 4కె రూపంలో మళ్ళీ థియేటర్లకు వచ్చింది. 4కె అంటే దృశ్యం అడ్డంగా సుమారు 4,000 బిందువుల స్పష్టత కలిగి ఉండడం. ఫిల్మును ఒక్కొక్క చట్రంగా ఆ స్పష్టతతో డిజిటల్‌లోకి మార్చినప్పుడు, పాత ప్రింట్లలో మసకబారిన దుమ్ము తెరలు, ఎండ పొడ తిరిగి తేటపడతాయి. ఈ శ్రద్ధ ఒక్క చిత్రంతో ఆగకూడదు. ఒక స్త్రీని పోరాట నాయికగా నిలిపి విజయలలితతో కె.ఎస్.ఆర్. దాస్ 1970లో తీసిన ‘రౌడీరాణి’కి, ఆయన ఇతర సాహస చిత్రాలకు కూడా నెగెటివ్‌లు చెడకముందే ఈ భాగ్యం దక్కాలి.