పూడ్చేలోపే చూడాలి

ఊరి నీళ్ల ట్యాంకుకు రంగు సరిగా పడిందో లేదో ఎవరైనా చెప్పగలరు. ఆ ట్యాంకుకు నీళ్లు తెచ్చే పైపు కింద ఇసుక పరిచారో లేదో మాత్రం మట్టి కప్పేలోపు అక్కడ నిలబడ్డవాళ్లకే తెలుస్తుంది. సైటు తనిఖీకి అసలు విలువ ఆ కాస్త వ్యవధిలోనే ఉంది.

2016 ఆగస్టు 7న గజ్వేల్ దగ్గర కోమటిబండలో తాగునీటి పథకం మిషన్ భగీరథ ప్రారంభమైంది. తెలంగాణ రాష్ట్రమంతటా లక్ష కిలోమీటర్లకు పైగా పైపులు నేలలోకి దిగాయి. ఆ నేల అంతటా ఒకటి కాదు. ఆదిలాబాద్‌లో పత్తి పండే నల్లరేగడి వానకు ఉబ్బి, ఎండకు బీటలు వారి, పైపు జాయింట్లను ఏటా అటూ ఇటూ గుంజుతుంది. కరీంనగర్ గ్రానైటు సీమ. తవ్విన కాలువ అడుగున ఒక్క రాతి మొన మిగిలినా చాలు, పైన మట్టి బరువు, దాని మీద నడిచే ట్రాక్టర్ల బరువు పైపుకు ఆ ఒక్కచోటే తగులుతాయి. రెండు నేలలకూ మందు ఒకటే: పైపు కింద, చుట్టూ ఇసుకో మెత్తని మొరమో వేయడం.

బండతో ఇంకో పేచీ ఉంది. మట్టి తవ్వకానికి ఒక రేటు, బ్లాస్టింగ్ చేయాల్సిన బండకు అంతకంటే చాలా ఎక్కువ. బండ ఎంత లోతులో తగిలిందో కాలువ తెరిచి ఉండగానే ఏఈ (అసిస్టెంట్ ఇంజినీరు) కొలిచి ఎంబీలో, అంటే కొలతల పుస్తకంలో, ఎక్కించాలి. పై ఇంజినీరైన డీఈ వచ్చి మళ్లీ కొలిచి సరిచూడాలి. పూడ్చాక ఎంబీలో రాసిందే బండ!

పైపులకు చేసే పరీక్ష సులువుగానే అర్థమవుతుంది. జాయింట్లు కప్పకుండా, లోపలి గాలి తీసేసి, నీళ్లు నింపి, రోజూ ఉండేదానికంటే ఎక్కువ ఒత్తిడి పెడతారు. గేజి ముల్లు దిగితే ఎక్కడో కారుతున్నట్టే. కాంక్రీటుకు 150 మిల్లీమీటర్ల క్యూబులు పోసి, నీళ్లలో నానబెట్టి, 28వ రోజున నొక్కి చూస్తారు. ఇక్కడే మెలిక. ల్యాబుకు వెళ్లిన క్యూబు ట్యాంకులో పోసిన కాంక్రీటుదేనా, లేక సిమెంటు దండిగా వేసి విడిగా కలిపిన ముద్దా? పోసేటప్పుడు పక్కన ఎవరున్నారన్నదే దానికి జవాబు. ఓవర్‌హెడ్ ట్యాంకును ఐఎస్ 3370 ప్రకారం నింపి 7 రోజులు వదిలేయాలి. ఆ తర్వాత మరో 7 రోజులు బయటి గోడ పొడిగా ఉండాలి. ప్రారంభోత్సవం తేదీ ముందే ఖరారైతే మొదట కోత పడేది ఈ పద్నాలుగు రోజులకే.

పాత కరీంనగర్ జిల్లాలోని మహదేవపూర్ మండలంలో ఉన్న మేడిగడ్డ బరాజునే చూడండి. దాన్ని 2019 జూన్‌లో ప్రారంభించారు. 2023 అక్టోబరు 21న ఏడో బ్లాకులో పియర్లు కుంగాయి. జాతీయ డ్యామ్ భద్రతా అథారిటీ నిపుణులు ప్రణాళిక, డిజైన్, నాణ్యతా నియంత్రణ, నిర్వహణ, అన్నిట్లోనూ లోపాలున్నాయన్నారు. పునాది కింది ఇసుక కొట్టుకుపోయిందనీ తేల్చారు. తాగునీటి పైపుతో పోలిస్తే అది ఎన్నో రెట్లు పెద్ద కట్టడమే. కానీ దెబ్బ తగిలింది అక్కడా కంటికి కనిపించని చోటే.

జేసీబీ ఏఈ కోసం ఆగదు. ఒకేరోజు నాలుగు ఊళ్లలో పని నడుస్తుంటే ఆయన ఒక్కచోటే ఉండగలడు. అందుకే ఇప్పుడు జియోట్యాగ్ ఫోటోలు అడుగుతున్నారు. ఫోటో తీసిన చోటు, తీసిన వేళ వాటిలో తెలుస్తాయి. ఇసుక మందం తెలియాలంటే మాత్రం కాలువలో టేపు నిలబెట్టి, అంకెలు కనిపించేలా తీయాలి.