రంగు మారాలంటే... చెమట కారాలి!

తెల్ల బెల్టుతో వెళ్లిన బుడతడు పసుపు బెల్టుతో తిరిగొస్తాడు. ఆ సాయంత్రం వీధి వీధంతా దాన్ని చూడాల్సిందే! మరి తెలుపుకీ పసుపుకీ మధ్య జరిగిందేమిటి? పరీక్షలో ఏం చేయిస్తారు? ఎవరు మార్కులేస్తారు? అందరూ పాసైపోయే పరీక్షకు విలువెంత? కరాటే బడుల్లో బెల్టుల వెనకున్న కథేమిటో చూద్దాం రండి.

'ఇచీ... నీ... సాన్... షీ...!'

పొద్దున్నే నర్సీపట్నంలాంటి ఊళ్లో ఏదైనా స్కూలు మైదానం పక్కనుంచి వెళ్తుంటే ఇలాంటి కేకలు చెవిన పడొచ్చు. కంగారుపడకండి. జపాన్ వాళ్లెవరూ దిగలేదు. మన పిల్లలే. ఒకటి, రెండు, మూడు, నాలుగు అని లెక్కపెడుతున్నారంతే! పదమూడో ఎక్కం అడిగితే బుర్ర గోక్కునే కుర్రాడు కూడా జపాను అంకెలు పదీ గుక్క తిప్పుకోకుండా చెప్పేస్తాడు. ఒక్కో అంకెకీ ఒక్కో పంచ్. పదో అంకెకి కడుపులోంచి ఓ కేక.

నర్సీపట్నానికి పోరాటం కొత్తేం కాదు. మైదానానికీ మన్యానికీ మధ్య గుమ్మంలాంటి ఊరది. 1922-24 మన్యం పోరాటాన్ని నడిపిన అల్లూరి సీతారామరాజు సమాధి ఉన్న కృష్ణదేవిపేట ఇక్కడికి దగ్గరే. సినిమా పోరాటాలతోనూ ఈ ఊరికి చుట్టరికముంది. 2003లో కిక్‌బాక్సింగ్ నేపథ్యంగా 'అమ్మ నాన్న ఓ తమిళ అమ్మాయి', 2022లో మిక్స్‌డ్ మార్షల్ ఆర్ట్స్ నేపథ్యంగా 'లైగర్' తీసిన దర్శకుడు పూరి జగన్నాథ్ నర్సీపట్నం ప్రాంతం నుంచి వెళ్లినవాడే.

అయితే ఒక్కటే తేడా. సినిమాలో హీరో ఒక్క పాటలో విద్యంతా నేర్చేసుకుంటాడు. మైదానంలో పిల్లాడికి ఆ సౌకర్యం లేదు. తెలుపు నుంచి నలుపు దాకా వెళ్లాలంటే క్రమం తప్పకుండా సాధన చేసినా మూడు నుంచి ఐదేళ్లు పడుతుంది. మధ్యలో ఎనిమిది తొమ్మిది పరీక్షలుంటాయి.

ఆ ఆదివారం...

బెల్టు టెస్టున్న ఆదివారం ఆ ఇళ్లలో హడావుడే వేరు. తెల్లారకముందే లేవాలి. తెల్ల డ్రెస్సు ఉతికి ఇస్త్రీ చేసి ఉండాలి. గోళ్లు కత్తిరించుకోవాలి. ఉంగరాలు, గొలుసులు ఇంట్లోనే వదిలేయాలి. కడుపునిండా తినకూడదని మాస్టారు చెప్పి ఉంటారు. 'ఉత్త కడుపుతో ఎలా గెంతుతావురా' అని అమ్మ ఓ ఇడ్లీ అయినా తినమంటుంది.

మైదానంలో వరసలు బెల్టుల ప్రకారమే. పెద్ద బెల్టులు ఒక చివర, తెల్ల బెల్టులు ఇంకో చివర. వంగి నమస్కారంతో మొదలవుతుంది. ఎదురుగా బల్ల వేసుకుని పరీక్షకులు కూర్చుంటారు. చాలాచోట్ల రోజూ నేర్పే మాస్టారు ఒకరు, పరీక్ష పెట్టే పెద్ద మాస్టారు వేరొకరు. నేర్పినాయనే మార్కులేస్తే మనసు మెత్తబడుతుందన్నది అందులోని ఆలోచన. ఆ పెద్ద మాస్టారు విశాఖ నుంచో, ఇంకా పెద్ద నగరం నుంచో వస్తారు. రోజూ 'ఒరే చిన్నా' అని పిలిచే మాస్టారు కూడా ఆవేళ ముఖం బిగించి నిలబడతారు. పిల్లలకు సగం దడ అక్కడే పుడుతుంది.

మూడు 'క'లు దాటాలి

కరాటేలో ఏ రంగు పరీక్షయినా మూడు 'క'ల చుట్టూనే తిరుగుతుంది. కిహోన్, కటా, కుమితే.

మొదటిది కిహోన్. అంటే మూల పాఠాలు. మన సంగీతంలో సరళీ స్వరాలనుకోండి. నిలబడే తీరు, పిడికిలి బిగించే తీరు, పంచ్‌లు, బ్లాక్‌లు, కిక్‌లు. ముందు మోకాలు వంచి, వెనక కాలు చాచి నిలబడే 'జెన్‌కుత్సు దాచి'లో పిల్లల్ని అటూ ఇటూ నడిపిస్తారు. చూసేవాళ్లకు చెయ్యి కనిపిస్తుంది. పరీక్షకుడు మాత్రం మడమ చూస్తాడు. మడమ లేచిందా, నడుము తిరిగిందా, రెండో చెయ్యి తుంటి దగ్గరకు వెనక్కి వచ్చిందా... మార్కులు పోయేది అక్కడే.

రెండోది కటా. ఎదురుగా ఎవరూ లేకుండానే నలుగురు మీదపడుతున్నట్టు ఊహించుకుని చేసే పోరు. మన దేశంలో ఎక్కువగా కనిపించే షోటోకాన్ శైలిలో మొదటి మెట్ల పరీక్షకు 'హెయాన్ షోదాన్' అడుగుతారు. మొత్తం 21 కదలికలు. మధ్యలో రెండుసార్లు కేక వేయాలి. ఆ కేక పేరు కియాయ్. ఇందులో ఓ తమాషా ఉంది. ఎక్కడ మొదలుపెట్టారో చివరికి అక్కడికే వచ్చి ఆగాలి. రెండడుగులు పక్కకు వచ్చారంటే దారిలో ఎక్కడో అడుగు పొట్టిగానో పొడుగ్గానో పడిందన్నమాట. పరీక్షకుడు చెప్పక్కర్లేదు, నేలే చెప్పేస్తుంది!

పెద్ద బెల్టులకు వెళ్లేకొద్దీ హెయాన్ వరసలోనే రెండు, మూడు, నాలుగు, ఐదు కటాలు వస్తాయి. ఆ తర్వాత 'టెక్కి షోదాన్', నలుపు దగ్గరపడ్డాక 'బస్సాయ్ దాయ్' లాంటివి. చిత్రమేమిటంటే కొత్తది వచ్చింది కదా అని పాతది మర్చిపోతే కుదరదు. గోధుమ బెల్టు వాణ్ని కూడా హఠాత్తుగా తొలి కటా చెయ్యమనొచ్చు.

మూడోది కుమితే. ఎదురుగా మనిషి ఉంటాడు. చిన్న బెల్టులకు ఐదడుగుల లెక్క. ఒకడు చెప్పి మరీ ఐదుసార్లు కొడతాడు, రెండోవాడు అడ్డుకుని ఐదోసారి తిరిగి కొడతాడు. తర్వాత ఒక్క దెబ్బకు ఒక్క జవాబు. ఆ పైన స్వేచ్ఛగా తలపడటం. ఇక్కడ గట్టిగా కొట్టినవాడికి మార్కులు పడతాయనుకుంటే పొరపాటు. వేగంగా వెళ్లిన పిడికిలి అవతలివాడి ముఖానికి ముందు ఆగాలి. కొట్టగలిగీ ఆపగలగడం... అసలు పరీక్ష అదే.

తైక్వాండోలో పేర్లు మారతాయి. అది కొరియా విద్య. అంకెలు హనా, దుల్, సెత్. కటా బదులు 'పూమ్‌సే'. చిన్న బెల్టులకు తేగుక్ అని ఎనిమిదుంటాయి. కాళ్లకే పెద్దపీట. చాలాచోట్ల చెక్క పగలగొట్టడమూ ఉంటుంది.

ఆ రంగులెక్కడివి?

బెల్టుల గురించి పిల్లలు చెప్పుకునే కథొకటుంది. పూర్వం శిష్యులు బెల్టు ఉతికేవారు కాదట. తెల్లటిది సాధన చేసి చేసి చెమటకు పసుపై, మట్టికి గోధుమై, చివరికి నల్లబడిందట! వినడానికి బాగుంది కానీ ఇది కట్టుకథ.

అసలు కథ జూడోది. 1882లో టోక్యోలో జిగోరో కానో అనే బడిపంతులు కొడోకాన్ అనే జూడో బడి పెట్టాడు. మరుసటి ఏడాదే ఇద్దరు శిష్యులకు 'షోదాన్' అనే తొలి హోదా ఇచ్చాడు. కొన్నేళ్లకు హోదా ఉన్నవాళ్లు నల్ల పట్టీ కట్టుకోవడం మొదలైంది. అప్పట్లో ఉన్నవి ప్రధానంగా రెండే రంగులు... తెలుపు, నలుపు. ఒకినావా నుంచి 1922లో కరాటేని టోక్యోకి తీసుకొచ్చిన గిచిన్ ఫునకోషి ఈ పద్ధతినే తీసుకుని 1924లో తన శిష్యులకు తొలి నల్ల బెల్టులిచ్చాడు.

మరి పసుపు, నారింజ, ఆకుపచ్చ, నీలం? వాటికి యూరప్‌లో ప్రాచుర్యం వచ్చింది. 1935లో పారిస్ చేరిన జూడో గురువు మికినోసుకే కవైషి అక్కడి విద్యార్థుల్ని గమనించాడు. ఏళ్ల తరబడి ఒకే తెల్ల బెల్టుతో ఉండమంటే వాళ్లకు ఓపిక ఉండదు. కొద్ది నెలలకో రంగు మారిస్తే ఉత్సాహంగా కొనసాగుతారు. ఆ కిటుకు పారింది. ప్రపంచమంతా పాకింది. నర్సీపట్నం దాకా వచ్చింది.

మనకూ సాముగరిడీలుండేవి. కర్రసాము, కత్తిసాము నేర్పే గురువులుండేవారు. ఉత్తరాంధ్రలో పండగ వచ్చిందంటే గరిడీ ఆడాల్సిందే. వీరఘట్టంలో పుట్టిన మల్లయోధుడు కోడి రామమూర్తి పేరు దేశమంతా మోగింది. ఆయన నడుముకు ఏ రంగు బెల్టూ లేదు! అక్కడ పరీక్షంతా బరిలోనే.

నలుపంటే మొదలు

నల్ల బెల్టు వచ్చిందంటే అంతా వచ్చేసినట్టేనని మనం అనుకుంటాం. జపాను వాళ్లు అలా అనుకోరు. 'షోదాన్' అంటేనే తొలి మెట్టు. అప్పటిదాకా ఎక్కినవి 'క్యూ'లు. అవి పెద్ద అంకె నుంచి చిన్న అంకెకు దిగుతూ వస్తాయి. నలుపు నుంచి 'డాన్'లు. అవి ఒకటి, రెండు అని పెరుగుతాయి. అంటే అక్షరాభ్యాసం పూర్తయి ఒకటో తరగతిలో చేరినట్టు!

పైకి వెళ్లేకొద్దీ ఎదురుచూపులూ పెరుగుతాయి. తైక్వాండోకు ప్రపంచ కేంద్రమైన సియోల్‌లోని కుక్కివోన్ నిబంధనల ప్రకారం ఒకటో డాన్ నుంచి రెండుకు వెళ్లాలంటే కనీసం ఏడాది, రెండు నుంచి మూడుకు రెండేళ్లు, మూడు నుంచి నాలుగుకు మూడేళ్లు ఆగాలి. పదిహేనేళ్లలోపు పిల్లలకు డాన్ బదులు 'పూమ్' అనే హోదా ఇస్తారు. పదేళ్ల పిల్లాడి నలుపూ పాతికేళ్ల యువకుడి నలుపూ ఒకటి కాదని అలా ముందే ఒప్పుకొన్నారన్నమాట.

ఫెయిలైతే?

ఇక అసలు చిక్కు. బెల్టు ఇచ్చే అధికారం ఎవరిది? పదో తరగతికి ఒక బోర్డుంది. కరాటే బెల్టులకు దేశం మొత్తానికీ అలాంటి ఒకే బోర్డు లేదు. షోటోకాన్, షిటోర్యు, గోజుర్యు, వాడోర్యు... శైలులు అనేకం. ఒక్కో శైలిలో సంఘాలు అనేకం. ఎవరి సిలబస్ వారిది, ఎవరి సర్టిఫికెట్ వారిది. ఒక బడి ఆకుపచ్చ ఇంకో బడికి వెళ్తే ఆకుపచ్చగా చెల్లకపోవచ్చు.

పైగా ప్రతి పరీక్షకూ ఫీజు ఉంటుంది. ఫీజు కట్టించుకున్న పిల్లాణ్ని ఫెయిల్ చేస్తే తండ్రి ఊరుకుంటాడా? పక్క బడిలో చేర్పిస్తాడు. చిన్న ఊళ్లో పాతికమంది పిల్లలతో నెట్టుకొచ్చే మాస్టారికి ఒక్కొక్కరూ పోతే బతుకుతెరువే పోతుంది. అందుకే కొన్నిచోట్ల ఓ అలవాటు పాతుకుపోయింది. పరీక్ష రాసిన ప్రతివాడూ పాస్! 'ఏడాదిలో బ్లాక్ బెల్టు' అనే ప్రకటనలూ పుట్టాయి.

నష్టం ఎవరికి? పిల్లలకే. రానిదాన్ని వచ్చిందనుకోవడం రాకపోవడం కంటే ప్రమాదం. సాయంత్రం ట్యూషన్ నుంచి ఒంటరిగా వచ్చే ఆడపిల్ల 'నాకు బెల్టుంది' అన్న ధైర్యంతో నిలబడి, తీరా చెయ్యి ఆడకపోతే? ప్రభుత్వ బడుల్లో సమగ్ర శిక్ష కింద ఆడపిల్లలకు ఇచ్చే ఆత్మరక్షణ శిక్షణ మూడు నెలలే. దాని గురి రంగుల మీద లేదు. కేక వేయడం, పట్టు విడిపించుకోవడం, పరుగెత్తడం... ఈ మూడూ వస్తే చాలు. ఉన్నంతలో అదే నిజాయితీ.

మంచి మాస్టార్లు దీనికో మధ్యేమార్గం చూసుకున్నారు. పిల్లాడు సిద్ధమయ్యాడని తమకు నమ్మకం కుదిరాకే పరీక్షకు పేరు పంపుతారు. 'మూడు నెలలైంది కదా మాస్టారూ' అంటే 'మడమ ఇంకా లేస్తోందమ్మా, వచ్చేసారి చూద్దాం' అంటారు. అలా అన్న మాస్టారి మీద మనకు కోపం వస్తుంది. నిజానికి నమ్మాల్సింది ఆయన్నే.

చేర్పించేముందు...

ఓసారి ఈ ప్రశ్నలు అడిగి చూడండి.

* సర్టిఫికెట్ మీద సంతకం ఏ సంఘానిది? మాస్టారికి హోదా ఇచ్చింది ఎవరు?
* ప్రతి బెల్టుకూ రాతపూర్వకమైన సిలబస్ ఉందా?
* పరీక్షకూ పరీక్షకూ మధ్య కనీసం ఎన్ని నెలలు, ఎన్ని తరగతులు?
* క్రితంసారి ఎవరైనా ఆగిపోయారా? 'మా దగ్గర ఎవరూ ఫెయిలవ్వరండీ' అంటే ఆలోచించండి.
* నలుపు దాకా పరీక్షలకూ సర్టిఫికెట్లకూ కలిపి ఎంతవుతుంది?
* కుమితేలో చేతులకూ పళ్లకూ రక్షణ ఏర్పాట్లున్నాయా?

ఇంకో మాట. బెల్టు సర్టిఫికెట్ వేరు, పోటీల్లో గెలిచిన సర్టిఫికెట్ వేరు. స్పోర్ట్స్ కోటా మీద ఆశ ఉన్నవాళ్లు ఆ తేడా ముందే తెలుసుకోవాలి. ఆ కోటాలో చూసేది గుర్తింపు పొందిన పోటీల్లోని ప్రతిభనే తప్ప నడుముకున్న రంగును కాదు.

పరీక్ష అయిపోయి పిల్లాడు ఇంటికొస్తాడు. గుమ్మంలోనే మనం అడిగే మొదటి మాట... 'ఏట్రా, ఏ రంగొచ్చింది?'

ఈసారి అలా అడక్కండి. హాల్లో కుర్చీలు పక్కకు జరపండి. 'ఏం చేశావో ఓసారి చూపించు' అనండి. వాడు వంగి నమస్కారం పెడతాడు. ఇరవై ఒక్క కదలికలు చేస్తాడు. రెండుసార్లు కేక వేస్తాడు, పక్కింటివాళ్లు ఉలిక్కిపడతారు. చివర్లో మీరు వాడి నడుము వైపు కాదు, పాదాల వైపు చూడండి.

మొదలుపెట్టిన గచ్చుపలక మీదే నిలబడ్డాడా? అయితే రంగు ఏదైతేనేం... పాస్!